ఉబ్బసము చరిత్ర: ఉమ్మెత్త పొగ నుండి మూలకణముల దాక

ఇల్లెందు నుండి కొత్తగూడెమునకు పోవు దారిలో టేకులపల్లి యున్నది. 2016 వరకు ఇది ఖమ్మం జిల్లాలోనిది. ఆ సంవత్సరమున ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఇప్పుడు చేరియున్నది. ఒకవైపు టేకు, తునికి, ఇప్పచెట్ల అడవి. మరొకవైపు కోయగూడెము ఉపరితల బొగ్గుగని. నడుమ ప్రత్తి, మిరప, వరి పొలములు. ఇట్టి ఊరి పాఠశాలలో చలికాలపు ఉదయమున ఏ తరగతిలోనైనను ఒకరిద్దరు పిల్లలు పిల్లికూతలతో రొమ్ము ఎగబోయుచు కూర్చుండుట ఉపాధ్యాయులకు క్రొత్త విషయము కాదు. ఇల్లు ఊడ్చిన దుమ్ము, కట్టెపొయ్యి పొగ, నూర్పిళ్ళనాటి నూగు, వయ్యారిభామ పుప్పొడి, మురిగిన గడ్డిపై పెరుగు బూజు - వీనిలో ఏదియో ఒకటి ఆ పిల్లవానికి పడకపోవచ్చును. తక్కిన నలుబది మందికి ఏమియు చేయని గాలియే వానికి మాత్రము ఊపిరాడనీయదు.

ఇట్టి బిడ్డల తలిదండ్రులకు ఈ మధ్య ఒక క్రొత్తమాట వినబడుచున్నది. "మూలకణములు ఎక్కించినచో ఉబ్బసము వేరుతో సహా పోవును" అనునది ఆ మాట. లక్షల రూపాయలైనను ఫరవాలేదు, ఎకరము పొలము అమ్మియైనను బిడ్డకు ఊపిరి నిలుపుదమని తలచు తండ్రి ఉపాధ్యాయుని వద్దకు వచ్చి, "అయ్యా, ఇది నిజమేనా?" అని అడిగినచో ఏమి చెప్పవలయును? నిజమనియు, అబద్ధమనియు ఒక్కమాటలో చెప్పుటకు వీలులేదు. ఈ ప్రశ్నకు సమాధానము రెండు వందల ఏండ్ల శాస్త్రచరిత్రలో ఉన్నది. అందులో మన తెలుగునేలకు గల పాలు కూడ తక్కువది కాదు.

ఉమ్మెత్త పొగ

ఉబ్బసము ప్రాచీన వ్యాధి. చరకసంహితలో "తమకశ్వాస" అను పేర దీని వర్ణన యున్నది. రాత్రివేళ ఎక్కువగుట, మబ్బు పట్టినపుడు బాధించుట, కూర్చున్నపుడు కొంత సుఖముగా నుండుట మున్నగు లక్షణములను మన పూర్వ వైద్యులు చక్కగా గుర్తించిరి. ఎండిన ఉమ్మెత్తను కాల్చి ఆ పొగ పీల్చుట మన దేశమున నాటువైద్యము. 1802లో జనరల్ జెంట్ అను సైనికాధికారి ఈ పద్ధతిని మదరాసులో తెలిసికొని బ్రిటనుకు కొనిపోయెను. అక్కడి వైద్యులు దానిని పరీక్షించి వాడసాగిరి. పందొమ్మిదవ శతాబ్దమంతయు ఐరోపాలో ఉబ్బసరోగులు ఉమ్మెత్త జాతి ఆకులతో చేసిన చుట్టలను కాల్చుచు వచ్చిరి.

ఇందులో మూఢనమ్మకము కొంత లేకపోలేదు గాని, సత్యము కూడ ఉన్నది. ఉమ్మెత్తలో అట్రోపిన్ వంటి పదార్థములున్నవి. అవి శ్వాసనాళికల చుట్టునున్న కండరముల బిగువును సడలించును. ఐతే ఉమ్మెత్త విషము. మోతాదు ఏ కొంచెము మించినను మతిభ్రమణము, మరణము కూడ కలుగును. అందువలన ఎవరును దీనిని ప్రయత్నింపరాదు. రసాయన శాస్త్రజ్ఞులు అట్రోపిన్ అణువును కొద్దిగా మార్చి, రక్తములో ఎక్కువగా కలియకుండ ఊపిరితిత్తులలోనే పనిచేయు ఇప్రట్రోపియమ్ అను మందును తయారు చేసిరి. అది నేటికిని ఆసుపత్రులలో వాడుకలో నున్నది. నాటుమందులోని గుణమును వేరుపరచి, కొలిచి, విషమును తొలగించుటయే శాస్త్రము చేసిన పని.

గుఱ్ఱపుబండి చెప్పిన సాక్ష్యము

అయితే కండరము బిగియుట ఫలితము మాత్రమే. మూలకారణ మేమి? 1906లో వియన్నా వైద్యుడు ఫాన్ పిర్కే "ఎలర్జీ" అను మాటను సృష్టించెను. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే ఒక్కొక్కప్పుడు హానిలేని పదార్థమును శత్రువుగా భ్రమించి పోరునకు దిగునని దాని భావము. కాపలా కుక్క దొంగను వదలి ఇంటికి వచ్చిన చుట్టమును కరచినట్లన్నమాట.

ఈ పొరపాటు శరీరములో ఎక్కడ నుండును? ఊపిరితిత్తులలోనా, రక్తములోనా? 1919లో అమెరికాలో రమిరెజ్ అను వైద్యుడు ఒక వింత సంఘటనను ప్రకటించెను. రక్తహీనతతో బాధపడు ఒక రోగికి మరియొకని రక్తము ఎక్కించిరి. ఆ రోగికి అంతకు ముందు ఉబ్బసము లేదు. కొలది దినముల పిదప అతడు గుఱ్ఱపుబండి ఎక్కగానే ఊపిరి సలుపక విలవిలలాడెను. విచారింపగా, రక్తమిచ్చిన వానికి గుఱ్ఱము పడదని తెలిసినది. అనగా ఒకని ఉబ్బసము రక్తము ద్వారా ఇంకొకనికి సంక్రమించినది!

1921లో బ్రెస్లౌ నగరమున ప్రాస్నిట్జ్, కుస్ట్‌నర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనినే ప్రయోగముగా చేసి చూపిరి. కుస్ట్‌నర్‌కు చేప పడదు. అతని రక్తద్రవమును ప్రాస్నిట్జ్ తన చర్మములోనికి సూదితో ఎక్కించుకొనెను. మరునాడు అదేచోట చేపసారమును ఎక్కించుకొనగా అక్కడ దద్దురు లేచెను. చర్మమున మరియొక చోట ఏమియు కాలేదు. కాబట్టి రక్తద్రవములో ఏదో యొక పదార్థము ఉన్నదని స్పష్టమైనది. ఆ పదార్థము పేరు తెలియుటకు మరి నలుబదియైదు సంవత్సరములు పట్టినది. 1966-67 ప్రాంతమున అమెరికాలో ఇషిజాకా దంపతులును, స్వీడనులో యోహాన్సన్, బెన్నిక్ అనువారును వేరువేరుగా దానిని పట్టుకొనిరి. 1968లో దానికి "ఐజీఈ" అను పేరు స్థిరపడినది. ఇది ఒక ప్రతిరక్షకము. ఇది మాస్ట్ కణములను పట్టుకొని యుండి, తనకు సరిపడని పుప్పొడియో, ధూళియో తగులగానే ఆ కణములచే హిస్టమిన్ మున్నగు ద్రవ్యములను వెలిగ్రక్కించును. నాళికలు బిగియును, లోపొర వాచును, శ్లేష్మము ఊరును. అదియే పిల్లికూత.

ఆరోగ్యవరములో తెలిసిన మరియొక సంగతి

ఇచ్చట మన తెలుగునేల కథ ప్రవేశించుచున్నది. మదనపల్లెకు సమీపమున ఆరోగ్యవరములో 1915లో క్షయరోగుల కొరకు ఒక శానిటోరియము వెలసినది. డెన్మార్కు దేశపు వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ దాని అధిపతి. క్షయ అను అనుమానముతో అక్కడకు వచ్చినవారిలో కొందరి విషయము వింతగా నుండెను. దగ్గు, రాత్రివేళ ఆయాసము, పిల్లికూతలు ఉండెడివి. ఎక్స్‌రే పటములో ఊపిరితిత్తులపై చుక్కలు కనబడెడివి. కాని కఫములో క్షయక్రిములు మాత్రము లేవు. వారి రక్తమును పరీక్షింపగా ఇయోసినోఫిల్ అను తెల్లకణములు అపారముగా నుండెను. 1940లో ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనువారు దీనిని క్షయవలె కనబడు వేరొక వ్యాధిగా ప్రకటించిరి. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు దీనికి "ట్రాపికల్ ఇయోసినోఫిలియా" అని పేరు పెట్టెను. ఆర్సెనిక్ మందులు దీనికి పనిచేయునని కూడ అతడు తెలిపెను.

ఇది నిజముగా ఉబ్బసమేనా? కాదు. ఎందుకనగా మూలకారణము ధూళి కాదు, దోమకాటు వలన శరీరములో చేరు ఫైలేరియా పురుగు. బోదకాలు కలిగించు పురుగు పిల్లలపై కొందరి రక్షణశక్తి అతిగా విజృంభించి, వానిని ఊపిరితిత్తులలో పట్టి చంపబోయి ఊపిరితిత్తులనే గాయపరచును. 1960లో వెల్లూరు వైద్యకళాశాలకు చెందిన వెబ్, జాబ్, గాల్ట్ అను మువ్వురు ఇట్టి రోగుల ఊపిరితిత్తుల ముక్కలలో ఆ పురుగు పిల్లలను కండ్లార చూపిరి.

ఈ వ్యాధికి మందు కూడ ఒక తెలుగువాని పరిశోధనశాల నుండియే వచ్చినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలకు అధ్యక్షులై యుండగా, వారి బృందము 1947లో డైఇథైల్ కార్బమజీన్ అను మందును బయటపెట్టినది. దాని వ్యాపారనామము హెట్రజాన్. బోదకాలు పురుగుపై పనిచేయు ఈ మందు, 1950 దశకమున ఇయోసినోఫిలియా రోగులకు ఇచ్చి చూడగా, ఏండ్లతరబడి ఉబ్బసమని తలచిన బాధ కొలది వారములలో తగ్గినది. తెలుగు జిల్లాలలో చాలచోట్ల బోదకాలు నివారణకై ఇంటింట పంచిన మాత్రలలో ఇదియే ఉన్నది. పాఠకులలో అనేకులు దానిని మ్రింగియే యుందురు.

ఈ కథ నుండి రెండు సంగతులు నేర్వవలసియున్నది. మొదటిది: పిల్లికూత యంతయు ఒకే రోగము కాదు. కారణము తెలిసినచో చౌకమాత్రతో పోవునది, కారణము తెలియనిచో జన్మరోగముగా కనబడును. రెండవది: ఇయోసినోఫిల్ కణము ఎక్కడ పుట్టునో అక్కడనే ఎలర్జీ కథకు మూలమున్నది. అది పుట్టుచోటు ఎముకలలోని మూలుగ.

మూలకణమనగా నేమి?

మన రక్తములోని కణములు నిరంతరము చచ్చుచుండును, క్రొత్తవి పుట్టుచుండును. ఎఱ్ఱకణము ఆయువు సుమారు 120 దినములు మాత్రమే. ఇన్నిటికిని తల్లియైన కణము ఎక్కడనో ఉండవలయును కదా! 1961లో కెనడాదేశపు టొరాంటో నగరమున టిల్, మెకల్లో అనువారు దానిని నిరూపించిరి. తీవ్రకిరణములతో చిట్టెలుకల మూలుగను నాశనము చేసి, వానికి వేరొక చిట్టెలుక మూలుగను ఎక్కించిరి. పదిదినముల తరువాత ప్లీహముపై చిన్న చిన్న బొడిపెలు కనబడెను. ఒక్కొక్క బొడిపె ఒక్కొక్క మూలకణము సంతానమని వారు తరువాత ఋజువు చేసిరి. తనవంటి కణమును తాను పుట్టించుకొనుచు, వేరువేరు పనులు చేయు కణములుగా కూడ మారగలిగినదియే మూలకణము. మఱ్ఱిచెట్టు తన ఊడలతో తాను నిలుచుచు, కొమ్మలను వేయునట్లు ఊహింపవచ్చును.

అమెరికాలో డోనల్ థామస్ మానవులకు మూలుగ మార్పిడి చేయు పద్ధతిని సాధించి 1990లో నోబెల్ బహుమానము పొందెను. రక్తపు క్యాన్సరుకు నేడు అది నిజమైన చికిత్స. కాని 1988లో అమెరికా వైద్యులు ఒక చిత్రమైన సంగతిని ప్రకటించిరి. మూలుగ ఇచ్చినవారికి ఏ పదార్థము పడదో, మూలుగ పుచ్చుకొన్నవారిలో కొందరికి కూడ అదియే పడకుండ పోయినది. 1919 నాటి గుఱ్ఱపుబండి కథ తాత్కాలికము. ఈసారి సంవత్సరము తరువాత కూడ ఆ గుణము నిలిచియున్నది. కాబట్టి ఎలర్జీకి బీజము మూలుగనుండి వచ్చు కణములలోనే యున్నదని తేలినది.

మరి మూలుగ మార్చి ఉబ్బసము పోగొట్టరాదా? అని తెలివిగల విద్యార్థి అడుగును. అడుగవలసిన ప్రశ్నయే. మూలుగ మార్పిడికి ముందు రోగి మూలుగను పూర్తిగా మాడ్చివేయవలయును. ఆ సమయమున చిన్న సూక్ష్మజీవి కూడ ప్రాణము తీయగలదు. వచ్చిన క్రొత్త కణములు రోగి శరీరమునే పరాయిదిగా భావించి దాడి చేయవచ్చును. ప్రాణాంతకమైన క్యాన్సరుకు ఈ సాహసము తగును. పీల్చు మందుతో అదుపులో నుండు వ్యాధికి తగదు.

రెండవజాతి మూలకణము

నేడు ఉబ్బసమునకు చెప్పబడుచున్నవి రక్తమూలకణములు కావు; వేరొక జాతివి. మాస్కోలో ఫ్రీడెన్‌స్టైన్ అను శాస్త్రజ్ఞుడు మూలుగలో ఎముకను, కొవ్వును పుట్టింపగల వేరొక రకము కణములున్నవని కనుగొనెను. 1991లో కాప్లన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వానికి "మెసెన్‌కైమల్ మూలకణములు" అని పేరుపెట్టెను. ఇవి మూలుగలోనే గాక కొవ్వులోను, బొడ్డుత్రాడులోను దొరకును. వీనికి ఒక విశేషగుణము ఉన్నది. పరిసరములలో కలహించుచున్న రక్షణకణములను ఇవి శాంతపరచును. 2004లో స్వీడను వైద్యులు, మూలుగ మార్పిడి తరువాత క్రొత్త కణముల దాడితో చావుబ్రతుకుల మధ్యనున్న బాలునికి ఈ కణములు ఎక్కించి మేలు కనబడినదని ప్రకటించిరి.

ఈ శాంతపరచు గుణము ఎలర్జీకి కూడ పనికివచ్చునా? 2010లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలకు చెందిన నెమెత్ మున్నగువారు ఈ ప్రశ్న వేసిరి. వారు చిట్టెలుకలకు రాగ్‌వీడ్ అను మొక్క పుప్పొడితో ఉబ్బసము కలిగించిరి. ఈ మొక్క మన పొలముల గట్లపై పెరుగు వయ్యారిభామకు దగ్గరి చుట్టము. ఆ చిట్టెలుకలకు మూలుగలోని ఈ కణములను ఎక్కింపగా ఊపిరితిత్తులలో ఇయోసినోఫిల్ కణములు తగ్గెను, శ్లేష్మము తగ్గెను, ఐజీఈ కూడ తగ్గెను. ఈ కణములు విడుచు ఒక ప్రోటీను రక్షణకణములకు "చాలు, ఆగుము" అని ఆజ్ఞ ఇచ్చుచున్నదని వారు తేల్చిరి. ఇది గొప్ప ఫలితమనుటలో సందేహము లేదు.

కాని చిట్టెలుక మనిషి కాదు. చిట్టెలుకకు ఉబ్బసము సహజముగా వచ్చునది కాదు. కొన్ని వారములలో మనము తెచ్చిపెట్టినది. మనిషి ఉబ్బసము ఏండ్లతరబడి నాళికల గోడలనే మార్చివేయును. రెండవది, నరములోనికి ఎక్కించిన ఈ కణములలో అధికభాగము ఊపిరితిత్తుల సన్నని రక్తనాళములలో చిక్కుకొని, కొలది దినములలోనే నశించును. ఊపిరితిత్తులకు చేరుట మంచిదే, నిలువకపోవుటయే చిక్కు. ఇవి క్రొత్త ఊపిరితిత్తిని కట్టుటలేదు, కొంతకాలము మందువలె పనిచేయుచున్నవి. అందుచేతనే పేరు పెట్టిన కాప్లన్ స్వయముగా 2017లో "వీనిని మూలకణములని పిలుచుట మానవలయును" అని వ్రాసెను. మానవులపై ప్రయోగములు ఇంకను చిన్నవి, తొలిమెట్టులోనివి. హాని యున్నదా, ఎంత మోతాదు తగును అను ప్రశ్నలే అందు ప్రధానము. ఉబ్బసము కుదిరినదని చెప్పుటకు అవి చాలవు.

హైదరాబాదు చెప్పు పాఠము

మూలకణ చికిత్స యంతయు ఉత్తమాట యని కూడ తలపరాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్యసంస్థ ఇందుకు సాక్ష్యము. కంటి నల్లగ్రుడ్డు అంచున కొన్ని మూలకణములుండును. సున్నము, ఆమ్లము పడి అవి కాలిపోయినచో కంటిపొర మసకబారి చూపు పోవును. రెండవ కంటినుండి చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో కణములను పెంచి, కాలిన కంటిపై అతికించు పద్ధతిని ఆ సంస్థవారు ఈ శతాబ్దారంభము నుండి చేయుచున్నారు. 2011లో వారు ప్రకటించిన లెక్కలో 200 కండ్లలో 71 శాతము కుదుటపడినవి.

కంటిలో కుదిరినది ఊపిరితిత్తిలో ఏల కుదురలేదు? కంటిలో ఉండవలసిన కణము లేదు, తెచ్చి పెట్టినాము, సరిపోయినది. ఉబ్బసములో లేని కణమేదియు లేదు. ఉన్న కణములే తప్పుదారిని పోవుచున్నవి. బావిలో నీరు లేకున్న నీరు పోయవచ్చును. నీరు చెడినప్పుడు మరింత నీరు పోసిన లాభమేమి? ఒక్క అవయవములో ఫలించిన చికిత్స మరొకదానికి పనిచేయునని ప్రకటించువారు ఈ భేదమును మఱుగుపరచుచున్నారు.

హైదరాబాదులోనే మరియొక దృశ్యము ప్రతి సంవత్సరము కనబడును. మృగశిర కార్తె ప్రవేశించునాడు బత్తిని వంశమువారు కొర్రమేను పిల్ల నోట పసుపుపచ్చని ముద్దనుంచి ఉబ్బసరోగులచే మ్రింగించుదురు. 1845 నుండి ఈ ఆచారము ఉన్నదని వారు చెప్పుదురు. దూరజిల్లాల నుండి, ఇతర రాష్ట్రముల నుండి వేలకొలది జనము నాంపల్లి ప్రదర్శనశాల మైదానమున బారులు తీరుదురు. దీనిని ఇప్పుడు చేపప్రసాదమని పిలుచుచున్నారు. ఇది ఉబ్బసమును కుదుర్చునని నియంత్రిత ప్రయోగములలో ఋజువు కాలేదు. ఆ బారులలో నిలుచున్న వారిని పరిహసించుట తగదు. ఊపిరాడని బిడ్డను ఎత్తుకొన్న తల్లి ఎంత దూరమైనను పోవును. చేపముద్ద ఉచితము; మూలకణపు సూదికి పొలము పోవును. ఋజువు లేనప్పుడు రెండవదానికి శాస్త్రము అను పేరున్నంత మాత్రమున మొదటిదానికన్న అది గొప్పది కాజాలదు.

ఉపాధ్యాయులు చెప్పవలసినది

మన దేశమున భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నియమముల ప్రకారము, రక్తవ్యాధులకు చేయు మూలకణ మార్పిడియే స్థిరపడిన చికిత్స. ఉబ్బసమునకు మూలకణములను ఎక్కించుట చికిత్సగా ఆమోదింపబడలేదు. ఆమోదము పొందిన ప్రయోగములో భాగముగా మాత్రమే అది జరుగవలయును. అట్టి ప్రయోగము ప్రభుత్వ పట్టికలో నమోదై యుండవలయును. పాల్గొను రోగివద్ద దానికై సొమ్ము తీసికొనరాదు. కాబట్టి తండ్రి వచ్చి అడిగినపుడు ఉపాధ్యాయుడు మూడు ప్రశ్నలు నేర్పవచ్చును: "ఈ ప్రయోగము నమోదైనదా? నావద్ద సొమ్మేల అడుగుచున్నారు? మందు ఇచ్చినవారిని, ఇవ్వనివారిని పోల్చి చూచితిరా?" ఈ మూడింటికి సమాధానము రానిచోట పొలము అమ్మనవసరము లేదు.

అంతమాత్రమున చేతులు ముడుచుకొని కూర్చుండవలసిన పని కూడ లేదు. ఉబ్బసమునకు నేడు మంచి మందులున్నవి. వాపు తగ్గించు స్టిరాయిడ్ మందును పీల్చు పద్ధతి 1972 నుండి వాడుకలోనికి వచ్చినది. పీల్చుగొట్టము అలవాటైన మానదను భయము మన గ్రామములలో చాల ఉన్నది, అది నిరాధారము. మాత్రగా మ్రింగునప్పటికన్న పీల్చునప్పుడు మందు చాల తక్కువ మోతాదులో, కావలసిన చోటికే చేరును. వైద్యుడు చెప్పినంత కాలము క్రమముగా వాడవలయును; ఆయాసము లేదని నడుమ మానరాదు. తీవ్రవ్యాధికి ఐజీఈని పట్టి కట్టివేయు ఒమాలిజుమాబ్ అను సూదిమందు కూడ 2003 నుండి ఉన్నది. 1921లో ప్రాస్నిట్జ్ తన చర్మముపై చూచిన దద్దురు నుండి ఈ సూదిమందు వరకు దారి సూటిగా నడచినది.

పాఠశాలలో చేయదగిన పనులు కూడ గలవు. నల్లబల్లను పొడిగుడ్డతో గాక తడిగుడ్డతో తుడువవలయును. తరగతి ఊడ్చునపుడు ఉబ్బసపు పిల్లలను బయటకు పంపవలయును. ఆవరణలోని వయ్యారిభామను పూత పూయకముందే, చేతులకు సంచి తొడిగికొని పెరికివేయవలయును. పీల్చుగొట్టమును పిల్లవాడు దాచుకొనకుండ తన సంచిలో ధైర్యముగా ఉంచుకొనునట్లు చూడవలయును. చాలకాలము తగ్గని పిల్లికూతలున్నచో, రక్తములో ఇయోసినోఫిల్ కణముల లెక్కను పరీక్ష చేయించుమని చెప్పవలయును. ఆరోగ్యవరమున 1940లో గుర్తించినది ఎనుబదియేండ్ల తరువాత కూడ మరచిపోదగినది కాదు.

మూలకణములు రేపు ఉబ్బసమునకు మందు కావచ్చును, కాకపోవచ్చును. ఉమ్మెత్త పొగనుండి ఇప్రట్రోపియమ్ వచ్చుటకు నూటయేబది ఏండ్లకు పైగా పట్టినది. చిట్టెలుకలో తేలిన సంగతి మనిషిలో నిలుచునా యని చూచుటకు కూడ కాలము, ఓర్పు, నిజాయితీగల లెక్కలు కావలయును. ఆ లెక్కలు వచ్చువరకు, టేకులపల్లి వంటి ఊళ్ళలో ఊపిరాడక ఇబ్బందిపడు బిడ్డకు పీల్చుమందును సరిగా పీల్చుట నేర్పుటయే మనచేతిలో నున్న వైద్యము.